నీలం సీసాలో నేను పోసింది

ఆ శనివారం మధ్యాహ్నం ప్యాంట్రీ వెనక గదిలో అందరం డబ్బాలు విప్పుకుని కూర్చున్నాం. మా చెల్లెలు రేణుక రెండు ముద్దలు తిని మూడో ముద్ద డబ్బాలోనే వదిలేసింది.

"అక్కా, వేళ్ళ కొసలు సుర్రుమంటున్నయ్," అంది.

చెయ్యి పట్టుకుని చూశాను. ఎర్రబడలేదు, పొక్కలేదు. "కారం అంటింటది. పోయి కడుక్కొని రా," అన్నాను. కడుక్కుని వచ్చి, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో తినడానికి చెంచా అడిగింది. అప్పుడు కూడా నాకు అనుమానం రాలేదని ఇక్కడ రాసుకోవచ్చు. కానీ వచ్చింది. వచ్చిన అనుమానాన్ని అన్నంతో పాటే మింగేశాను.

నా పేరు సుజాత. హైటెక్ సిటీలో ఒక పెద్ద ఐటీ బిల్డింగ్‌కి పన్నెండేళ్ళు హౌస్‌కీపింగ్ చేశాను, చివరి ఆరేళ్ళు సూపర్‌వైజర్‌గా. మాది వికారాబాద్ దాటాక ఒక పల్లె. మదీనాగూడలో కింద వాటాలో నేను, పై వాటాలో రేణుక, ఆమె భర్త రమేష్, వాళ్ళ కూతురు ఉంటాం. నా నోరు పెద్దదని బిల్డింగ్‌లో అందరికీ తెలుసు. నేను లిఫ్ట్ దిగుతుంటేనే మాప్‌లు వాటంతట అవే కదిలేవని మా వాళ్ళు నవ్వుకునేవారు. ఆ మాటకి లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా.

రేణుక నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. నేనే తెచ్చి నా టీంలో పెట్టుకున్నాను. కానీ ఆమె అసలు పని అది కాదు. సాయంత్రం ఇంటికి చేరగానే మగ్గం ముందు కూర్చునేది. చెక్క ఫ్రేముకి బ్లౌజు గుడ్డ బిగించి, పైన కుడిచేత్తో సూది పొడుస్తూ, కింద ఎడమచేత్తో దారం అందిస్తూ, నెమళ్ళూ లతలూ కుట్టేది. కొత్తగూడలో ఒక బొటిక్ ఆవిడ పెళ్ళి బ్లౌజులు ఇంకెవరికీ ఇచ్చేది కాదు. మా వీధి చివర ఒక గది కిరాయికి మాట్లాడుకుంది. దసరా తర్వాత ఉద్యోగం మానేసి సొంతంగా మగ్గం వర్క్ షాపు పెట్టాలని. "నీ కింద పని చేసుడు ఇగ నాతోని కాదక్కా, షాపుకొచ్చి నువ్వే నా కింద చెయ్," అని ఏడిపించేది. ఆ షాపంతా ఆమె కుడిచేతిలో ఉంది.

ఇక ఆ అద్దం సంగతి. మా బిల్డింగ్ లాబీలో రెండంతస్తుల ఎత్తున అద్దం గోడ, దాని బయట ఫౌంటెన్. బోరు నీళ్ళు చింది చింది అద్దం మీద తెల్లటి మచ్చలు గట్టిపడిపోయాయి. మా దగ్గరున్న మందులు వేటికీ అవి లొంగలేదు. సోమవారం విదేశాల నుంచి క్లయింట్లు వస్తున్నారు. శుక్రవారం ఫెసిలిటీ మేనేజర్ నన్ను పిలిచి, "ఎలా చేస్తారో నాకు చెప్పొద్దమ్మా. సోమవారం పొద్దున్నకి ఆ అద్దం మెరవాలి, అంతే," అన్నాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఎర్ర సీసాది టాయిలెట్లకు, పచ్చ సీసాది నేలకు, నీలం సీసాది అద్దాలకు. మా టీంలో సగం మందికి ఇంగ్లీషు రాదు, రంగు చూసే వాడతారు. లిస్టులో లేని మందు గేటు దాటి లోపలికి రాకూడదు. రావాలంటే దాని సేఫ్టీ కాగితం ఇచ్చి, పైవాళ్ళ సంతకం తెచ్చుకోవాలి. అది వారం పట్టే పని. అందుకే మా పనివాళ్ళందరం ఒక అడ్డదారి నేర్చుకున్నాం. బయట కొన్న మందుని ఇంట్లోనే ఖాళీ అయిన ఆఫీసు సీసాలో పోసి తెచ్చేస్తాం. సెక్యూరిటీ వాళ్ళు సీసా చూస్తారు గానీ లోపల ఏముందో చూడరు కదా. నేనే కాదు, నాకు పని నేర్పినావిడా అదే చేసింది, నా దగ్గర నేర్చుకున్నవాళ్ళూ అదే చేస్తారు.

శుక్రవారం సాయంత్రం హార్డ్‌వేర్ షాపులో అడిగితే ఒక తెల్ల ప్లాస్టిక్ క్యాన్ ఇచ్చారు. "ఒక్కసారి తుడిస్తే మచ్చ మాయం. చేతికి మాత్రం అంటనియ్యకు," అన్నాడు షాపతను. క్యాన్ మీద పుర్రె బొమ్మ ఉంది. చూశాను. టాయిలెట్ యాసిడ్ మీద కూడా ఏవో హెచ్చరికలుంటాయి కదా అనుకున్నాను. మూత తీసి దూరంగా పట్టుకుంటే పొగ రాలేదు, పెద్ద వాసనా లేదు. టాయిలెట్ యాసిడ్ అయితే మూత తియ్యగానే కళ్ళు మండి దగ్గు వస్తుంది. ఇది దానికన్నా మెతకదే అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకుని, మా బాత్రూంలో కూర్చుని రెండు నీలం సీసాల్లోకి వంపాను.

శనివారం పొద్దున అద్దం పని రేణుకకే ఇచ్చాను. ఆమె చెయ్యి అంత నిదానంగా తుడిచేవాళ్ళు లేరు మరి. "జర స్ట్రాంగ్ ఉంటది, గ్లౌజులు ఏసుకో," అన్నాను. ఏం మందో చెప్పలేదు, నీలం సీసా కదా అని ఆమె కూడా అడగలేదు. మచ్చలు నిజంగానే మాయమైపోతుంటే ఇద్దరం చిన్నపిల్లల్లా సంబరపడ్డాం. పదకొండు ప్రాంతంలో, "అక్కా, గ్లౌజు చినిగినట్టుంది, లోపల తడి తడి అయితున్నది. మార్చుకుని వస్త," అంది. "ఇంక రెండు పలకలే ఉన్నయ్, అయిపోగొట్టి మార్చుకో," అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

అన్నం తిన్న తర్వాత మూడింటికల్లా ఆమె స్టోర్‌రూంలో నేల మీద కూలబడిపోయింది. గోళ్ళ కింద సూదులు దింపుతున్నట్టుందని ఏడుస్తోంది. పైకి చూస్తే కొసలు కాస్త తెల్లబడ్డాయి, అంతే. ఆ మాత్రానికి ఇంత ఏడుపేంటని నాకు చిరాకు కూడా వచ్చింది. "సూది పనిలో పొద్దంత పొడుచుకుంటవ్, గింతదానికే గిట్ల జేస్తరా?" అని గదిమాను. ఆమె చెయ్యి గుండెకి అదుముకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ కూర్చుంది.

అయిదింటికి దారిలో ఉన్న ఒక చిన్న క్లినిక్‌కి తీసుకెళ్ళాను. డాక్టర్ గారు చెయ్యి చూసి, "ఏం కెమికల్ పడింది?" అని అడిగారు.

నోటిదాకా వచ్చింది. లిస్టులో లేని మందు తెచ్చానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. నాతోపాటు మా హౌస్‌కీపింగ్ కంపెనీ కాంట్రాక్ట్ కూడా పోతే ఇరవై ఆరుమంది ఆడవాళ్ళు రోడ్డున పడతారని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ క్షణాన నేను తలుచుకున్నది నా సూపర్‌వైజర్ కోటుని.

"బాత్రూం యాసిడ్ సార్," అన్నాను.

"మైల్డ్ బర్న్. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది," అని నొప్పికి ఇంజెక్షన్, పూతమందు రాసిచ్చారు. ఆయన తప్పేమీ లేదు. నేను చెప్పిన జబ్బుకి ఆయన సరైన మందే ఇచ్చారు.

ఆదివారం తెల్లవారేసరికి చూపుడువేలు, మధ్యవేలు కొసలు బూడిద రంగుకి తిరిగి మైనంలా గట్టిపడ్డాయి. గోళ్ళ కింద నల్లటి నీడ. రేణుకకి అరిచే ఓపిక కూడా లేదు. రమేష్ క్యాబ్ నడుపుతాడు, తన కార్లోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. క్యాజువాలిటీలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ, మాటను బట్టి గోదావరి వైపు అమ్మాయి, నొప్పికి పెద్ద ఇంజెక్షనే ఇచ్చింది. అరగంట చూసింది. నొప్పి ఇసుమంతైనా కదల్లేదు.

"పైకి కనబడేది ఇంతే ఉందండి. నొప్పేమో ఏ మందుకీ లొంగట్లేదు. ఈ రెంటికీ పొంతన కుదరట్లేదు. కెమికల్ పేరేంటి?"

"బాత్రూం యాసిడ్ మేడం." రెండోసారి.

"దాంతో ఏం తుడిచారు?"

నేను నోరు తెరిచేలోపే రేణుక మూలుగుతూనే చెప్పింది. "అద్దం మేడం."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. కర్టెన్ అవతలికి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి అంది. "అమ్మా, నేను పోలీసుని కాదు. మీ ఆఫీసు గొడవ నాకు అక్కర్లేదు. నాకో అనుమానం ఉంది. అదే నిజమైతే దానికి మందు వేరే ఉంది. ఇప్పటికే చాలా గంటలు పోయాయి. ఏం వాడారో చెప్పండి."

చెప్పేశాను. పేరు తెలియదని, తెల్ల క్యాన్ అని, పుర్రె బొమ్మ ఉందని. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "క్యాన్ పట్టుకురండి. ఈలోపు నేను మొదలుపెట్టేస్తాను," అని లోపలికి పరిగెత్తింది.

క్యాన్ ఇంట్లో ఉంది. రమేష్ కారు తీశాడు. "ఏం మందు అది వదినా?" అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొత్తగూడ ఫ్లైఓవర్ దాటాక అతను ఒక్కటే అడిగాడు.

"నిన్న డాక్టర్ అడిగినప్పుడు గూడ నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

అతను కారు వేగం పెంచాడు. తిట్టినా బాగుండేది. ఇంటికి చేరాక ఆ లేబుల్ మీది చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాను. పదో తరగతి దాకా చదివినదాన్ని, చదవగలను. శుక్రవారమే చదవగలిగి ఉండేదాన్ని. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్.

ఆ తర్వాత దాని గురించి నాకు వివరంగా చెప్పింది ప్లాస్టిక్ సర్జన్ గారు. "మామూలు యాసిడ్ తాకిన చోటే కాల్చి ఆగిపోతుందమ్మా. మనిషి వెంటనే కేకేసి నీళ్ళ కింద చెయ్యి పెడతాడు. ఇది పలచగా ఉన్నప్పుడు అసలు కాల్చినట్టే ఉండదు. చప్పుడు లేకుండా చర్మం దాటి లోపలికి దిగిపోతుంది. దిగి కాల్షియాన్ని పట్టుకుంటుంది. కండలో ఉన్నదాన్నీ, ఎముకలో ఉన్నదాన్నీ వదలదు. ఎక్కువ ఒంట్లోకి వెళ్ళి రక్తంలో కాల్షియం పడిపోతే గుండె కూడా ఆగిపోవచ్చు. కెమిస్ట్రీ పుస్తకంలో దీన్ని వీక్ యాసిడ్ అంటారు. ఆ మాట చూసి చదువుకున్నవాళ్ళే పొరపాటు పడతారు." ఇంకా అన్నారు. "దీన్ని గాజు సీసాలో కూడా పొయ్యరు. గాజునే తినేస్తుంది. మీ అద్దం మీద మచ్చలు పోయాయనుకున్నారు కదా, మచ్చతోపాటు అద్దం పై పొర కూడా పోయింది."

రేణుక చేతికి దీనికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ నింపిన గ్లౌజు తొడిగారు. గుండెకి మానిటర్ పెట్టారు. రక్తంలో కాల్షియం అంచు మీద ఉందన్నారు. జెల్ చాలక వేళ్ళ కొసల్లోకి ఇంజెక్షన్లు చేశారు. అసలే ముట్టుకోనివ్వని వేళ్ళు. మత్తిచ్చి చెయ్యండని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. "మత్తిస్తే నొప్పి తగ్గింది మా మందుకో, మత్తుకో తెలియదండి. నొప్పి పోవడమే మాకు గుర్తు," అంది డాక్టరమ్మ. ఆమె కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. చివరికి మణికట్టు దగ్గర రక్తనాళంలోకి గొట్టం పెట్టి మందు మెల్లగా ఎక్కించారు. నాలుగు గంటల తర్వాత మా చెల్లెలు మొదటిసారి కళ్ళు మూసుకుని నిద్రపోయింది. గట్టెక్కామనుకుని ఐసీయూ బయట గోడకి ఆనుకుని ఏడ్చాను.

సోమవారం క్లయింట్లు వచ్చి వెళ్ళారట. లాబీ చాలా బాగుందని అన్నారట. మా టీంలో అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది.

గుండెకేం ప్రమాదం లేదన్నారు. కానీ నాలుగో రోజుకి రెండు వేళ్ళ కొసలు నల్లబడిపోయాయి. గోళ్ళు తీసి చూస్తే లోపల కండ చచ్చిపోయింది. "గ్యాంగ్రీన్. పైకి పాకకముందే తీసెయ్యాలి," అన్నారు సర్జన్ గారు. నేను ఉండబట్టలేక అడిగాను. "శనివారమే వచ్చి ఉంటే సార్?"

ఆయన నా మొహం చూసి కాస్త తటపటాయించారు. "కచ్చితంగా చెప్పలేం. మొదటి కొన్ని గంటల్లో వచ్చినవాళ్ళకి చాలావరకు వేళ్ళు దక్కుతాయి."

చూపుడువేలు రెండో కణుపు దాకా, మధ్యవేలు మొదటి కణుపు దాకా తీసేశారు. పది రోజుల తర్వాత మధ్యవేలికి ఇన్ఫెక్షన్ వచ్చి మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళారు. ఇంకో కణుపు పోయింది. యాసిడ్ తగిలిన బొటనవేలు దక్కింది గానీ కొసన స్పర్శ లేదు.

వార్డులోకి మార్చాక ఒకరోజు కట్టు వైపు చూస్తూ రేణుక అడిగింది. "అక్కా, సీసాల ఏమున్నదో నీకు ఎరుకేనా?" అప్పటికి పేరు తెలియదని చెప్పాను. పుర్రె బొమ్మ చూశానని కూడా చెప్పాను. ఇంకా ఎంతకాలం అబద్ధమాడను? ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. ఇంటికి వచ్చాక కూడా చాలా వారాలు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, అడిగినదానికి తలూపేది.

నన్ను పనిలోంచి తీసేశారు. మేనేజర్, "నేను ఆ క్యాన్ తెమ్మన్నానా?" అన్నాడు. తెమ్మనలేదు, నిజమే.

ఫిజియోథెరపీకి మూడు నెలలు తిరిగాం. మెత్తటి ముద్ద పిసకడం, బట్టల క్లిప్పులు తీసి పెట్టడం, గుండీలు పెట్టుకోవడం. గుండీలు ఇప్పుడు వస్తున్నాయి. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మగ్గం బిగించుకుని కూర్చుంది. బొటనవేలికీ ఉంగరపువేలికీ మధ్య సూది పట్టుకుంది. సూది పోటుకీ పోటుకీ మధ్య జారిపోయింది, దారం తెగిపోయింది. నాలుగు రోజులు అలాగే ప్రయత్నించింది. అయిదో రోజు గుడ్డ విప్పి, మడత పెట్టి, ఫ్రేము మా పక్కింటి అమ్మాయికి ఇచ్చేసింది. నేను మెట్ల మీద నిలబడి అంతా చూశాను. పైకి వెళ్ళే ధైర్యం చాలలేదు.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. రేణుక ఇప్పుడు కొత్తగూడ బొటిక్‌లో కౌంటర్ దగ్గర కూర్చుంటోంది. వేరేవాళ్ళు కుట్టి తెచ్చిన బ్లౌజులు తిప్పి చూసి, ఎక్కడ దారం వదులైందో చెబుతుంది. నేను ప్రగతి నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో హౌస్‌కీపింగ్ చూస్తున్నాను. అక్కడ ఏ మందునీ ఒక సీసాలోంచి ఇంకో సీసాలో పొయ్యనివ్వను. కొత్తగా చేరినవాళ్ళు చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

మొన్న ముసురు పట్టినప్పుడు తెగిన వేళ్ళు సలుపుతున్నాయంటే వేడి గుడ్డతో కాపడం పెడుతున్నాను. అప్పుడు తనంతట తానే అంది.

"అద్దం తుడువుమన్నందుకు నాకు కోపం లేదు. సీసాల యాసిడ్ ఉన్నదని చెప్పినా తుడుస్తుంటి, నువ్వు చెప్పినవంటే చేస్తుంటి. కానీ ఇద్దరు డాక్టర్లు అడిగిన్రు. నేను పక్కనే ఉన్న. నొప్పికి సచ్చిపోతున్న. నా మొహం చూసుకుంటనే బాత్రూం యాసిడ్ అన్నవ్."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు, నేను కాపడం పెడుతూనే ఉన్నాను.

ఇది చదివే మీలో బిల్డింగుల్లో, ఫ్యాక్టరీల్లో, ఇళ్ళల్లో మందులతో పనిచేసేవాళ్ళు ఉంటారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఒంటి మీద ఏదైనా పడితే వాసన లేదని, మంట లేదని ఆగకండి. ఎడతెగకుండా నీళ్ళతో కడగండి. కడిగాక ఆ క్యాన్ మూత బిగించి, కవర్లో పెట్టుకుని లేబుల్‌తో సహా ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. డాక్టర్ అడిగినప్పుడు ఉన్న పేరు ఉన్నట్టు చెప్పండి. ఉద్యోగం పోతుందని భయపడకండి. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది. నాకు నెల తిరక్కుండానే దొరికింది.